చైనా వైద్యం కోర్సుకు ఉన్న ‘గుర్తింపు’ ఎవరిచ్చినది?

ప్రశ్న: నేను విజయవాడ దగ్గర ఒక కళాశాలలో బి.ఎ.ఎం.ఎస్. చదివి, రెండేళ్లు ప్రాక్టీసు చేసి, పెళ్లయిన తరువాత మెల్‌బోర్న్ వచ్చాను. మాకు ఇక్కడ శాశ్వత నివాస హోదా ఉంది. ఆస్ట్రేలియాలో ఆయుర్వేదానికి రిజిస్ట్రేషన్ లేదని, చైనా సంప్రదాయ వైద్యానికి మాత్రం ఉందని తెలిసి ఆ చదువు చదవాలనుకుంటున్నాను. ఒక ప్రైవేటు సంస్థ తమ డిప్లొమాకు ‘జాతీయ గుర్తింపు’ ఉందని, తక్కువ కాలంలో పూర్తవుతుందని చెబుతోంది. నాలుగేళ్ల డిగ్రీ అంటే మూడేళ్ల బాబుతో కష్టమే. మా మావయ్యగారేమో, డాక్టర్లే అభ్యంతరం చెప్పిన వైద్యానికి ఏ విశ్వవిద్యాలయం గుర్తింపు ఇస్తే మాత్రం ప్రయోజనం ఏమిటని అడుగుతున్నారు. నేను ఏ గుర్తింపును చూడాలి? నా ఆయుర్వేద చదువు లెక్కలోకి వస్తుందా? రేపు ఇండియా వెళ్లిపోతే ఈ డిగ్రీ అక్కడ చెల్లుతుందా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, మెల్‌బోర్న్

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ‘గుర్తింపు’ అన్న మాట మూడు చోట్ల ఉంది. ఆ మూడు చోట్లా దాని అర్థం ఒకటి కాదు. అందులో మీ పొరపాటు ఏమీ లేదు. మన ఊళ్లలో ప్రతి బడి బోర్డు మీదా ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’ అని రాసి ఉంటుంది కానీ, ఏ ప్రభుత్వ శాఖ, దేనికి, ఎప్పటివరకు ఇచ్చిన గుర్తింపో ఆ బోర్డు చెప్పదు, మనమూ అడగం. వైద్యానికి సంబంధించిన చదువులో మాత్రం ఆ మూడు వివరాలూ అడగకుండా ఒక్క డాలరు కూడా కట్టకూడదని, ఆరోగ్య కోర్సుల నాణ్యతను పరిశీలించే పనిలో చాలా ఏళ్లు గడిపిన అనుభవంతో మీకు మొదటే చెబుతున్నాను.

మీరు బి.ఎ.ఎం.ఎస్. చదివినప్పుడు మీకు తెలియకుండానే మూడు గడపలు దాటారు. మీ కళాశాల ఆ కోర్సు నడపడానికి కేంద్ర స్థాయిలో అనుమతి ఉంది. మీకు పరీక్ష పెట్టి పట్టా ఇచ్చింది విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఆ పట్టా పట్టుకుని వెళ్లాక మీ పేరు వైద్యుల జాబితాలో ఎక్కించుకున్నది రాష్ట్ర మండలి. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి తమంతట తాము జరిగిపోయాయి కాబట్టి అవి వేర్వేరు అధికారాలన్న సంగతి మీకు అనుభవంలోకి రాలేదు. ఆస్ట్రేలియాలో కూడా ఆ మూడూ ఉన్నాయి. తేడా ఏమిటంటే, మొదటి రెండూ పక్కాగా ఉండి మూడోదానికి దారి తీయని కోర్సులు ఇక్కడ చట్టబద్ధంగానే నడుస్తాయి. మీరు చెప్పిన డిప్లొమా బహుశా అలాంటిదే.

ముందుగా చదువుల నియంత్రణ సంగతి చూద్దాం. ఉన్నత విద్యాసంస్థలను నమోదు చేసి పర్యవేక్షించేది ‘టెక్సా’ అనే జాతీయ సంస్థ. డిప్లొమాల వంటి వృత్తివిద్యా కోర్సులను చూసేది ‘ఆస్క్వా’. రెండూ 2011లోనే ఏర్పడ్డాయి. విశ్వవిద్యాలయాలకు తమ కోర్సులను తామే ఆమోదించుకునే అధికారం ఉంటుంది. ఆ అధికారం లేని ప్రైవేటు కళాశాలలు ప్రతి డిగ్రీకీ టెక్సా ఆమోదం తెచ్చుకోవాలి. ఇవన్నీ చూసేది విద్యాసంస్థగా ఆ కళాశాల సరిగా నడుస్తోందా, ఆ పట్టా డిగ్రీ స్థాయికి తగినదేనా అన్నంతవరకే. ఆ పట్టా ఉన్న మనిషి రోగి ఒంట్లో సూది గుచ్చడానికి అర్హురాలా కాదా అన్నది వాటి పరిధిలోని ప్రశ్న కాదు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పేది ఆస్ట్రేలియా చైనా వైద్య మండలి, దానితో కలిసి పనిచేస్తూ ఆరోగ్య వృత్తుల రిజిస్ట్రేషన్ పని నడిపే ‘ఆప్రా’ అనే సంస్థ. పాశ్చాత్య దేశాలలో చైనా వైద్యాన్ని చట్టం ద్వారా మొట్టమొదట నియంత్రించినది మీరున్న విక్టోరియా రాష్ట్రమే. ఇక్కడి శాసనసభ 2000లోనే అందుకు ప్రత్యేక చట్టం చేసింది. తరువాత 2012 జూలై 1 నుంచి దేశమంతటికీ ఒకే రిజిస్టరు వచ్చింది. అందులో మూడు విభాగాలున్నాయి: ఆక్యుపంక్చరిస్టు (సూది వైద్యులు), చైనా మూలికా వైద్యులు, చైనా మూలికల డిస్పెన్సర్ (మూలికల మందు కట్టి ఇచ్చేవారు). ఒకరే ఒకటికి మించిన విభాగాలలో నమోదు కావచ్చు. ఆ రిజిస్టరులో పేరు లేనివారు తమను ఆక్యుపంక్చరిస్టుగానో చైనా వైద్యురాలిగానో చెప్పుకోవడం నేరం. 2019 నుంచి దానికి అరవై వేల డాలర్ల వరకు జరిమానా, మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించే వీలుంది.

ఇక మీ ప్రశ్నకు అసలు కేంద్రమైన సంగతికి వస్తాను. ఒక కోర్సు రిజిస్ట్రేషన్‌కు దారి తీయాలంటే రెండు నిర్ణయాలు జరగాలి. మండలి ఏర్పాటు చేసిన అక్రెడిటేషన్ కమిటీ ఆ కోర్సును తన ప్రమాణాలతో పోల్చి చూసి, అది వాటిని అందుకుంటోందని, లేదా చాలావరకు అందుకుంటోందని, కొన్ని షరతులు విధిస్తే మిగిలినవి కూడా నిర్ణీత గడువులో అందుకుంటుందని తేల్చాలి. ఇది అక్రెడిటేషన్. ఆ నివేదిక చూసి, ఈ కోర్సు పూర్తిచేసినవారిని రిజిస్టరులోకి తీసుకుంటామని మండలి విడిగా నిర్ణయించాలి. దీనిని ‘ఆమోదిత కోర్సు’ అంటారు. ఆమోదిత కోర్సుల జాబితా ఆప్రా వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఆ జాబితాలో ఉండేది కళాశాల పేరు ఒక్కటే కాదు, ఫలానా కళాశాల నడిపే ఫలానా కోర్సు అని ఉంటుంది. కళాశాలలో ఒక కోర్సు ఆమోదితమైనంత మాత్రాన పక్క గదిలో నడిచే మరో కోర్సుకు ఆ హోదా రాదు. నేను చూసినంతలో మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. కళాశాల పేరు చూసి చేరతారు, కోర్సు పేరు పోల్చి చూడరు.

ఈ ఆమోదం ఇక్కడ ఇంత బరువైనది కావడానికి ఒక కారణం ఉంది. ఆస్ట్రేలియాలో ఆమోదిత కోర్సు పూర్తిచేసినవారికి రిజిస్ట్రేషన్ ముందు వేరే జాతీయ పరీక్ష అంటూ ఏదీ ఉండదు. హాంకాంగ్‌లో అలా కాదు. అక్కడ 1999 నాటి చైనా వైద్య చట్టం కింద ఏర్పడిన మండలి, తాను గుర్తించిన డిగ్రీ ఉన్నవారికి కూడా లైసెన్సు పరీక్ష పెడుతుంది. అమెరికాలో కోర్సులకు అక్రెడిటేషన్ ఇచ్చే సంస్థ ఒకటి, అభ్యర్థులకు పరీక్షలు పెట్టే జాతీయ సంస్థ ఒకటి 1982 నుంచీ వేర్వేరుగా ఉన్నాయి. చాలా రాష్ట్రాలు లైసెన్సుకు రెండింటినీ అడుగుతాయి. అలాంటి చోట కోర్సులో లోపముంటే చివరి పరీక్షలోనైనా బయటపడే అవకాశం ఉంది. ఇక్కడ ఆ రెండో వడపోత లేదు. కోర్సును పరీక్షించడమే అభ్యర్థిని పరీక్షించడం. చదువు ముగించిన ప్రతి ఒక్కరి సామర్థ్యానికీ ఆ కోర్సు పూచీ పడుతుంది కాబట్టి, కమిటీ అంత కఠినంగా ఉంటుంది, ఉండాలి కూడా.

కమిటీ పరిశీలన అంటే కాగితాలు తిరగేసి సంతకం పెట్టడమని మావయ్యగారు అనుకుంటూ ఉండవచ్చు. నేను వేరే ఆరోగ్య వృత్తుల కోర్సుల పరిశీలనలో పాల్గొన్నాను. వాటి పద్ధతి కూడా ఇదే. పాఠ్యప్రణాళిక, అధ్యాపకుల అర్హతలు, మార్కులు ఎలా వేస్తున్నారన్న రుజువులు ముందుగా వస్తాయి. తరువాత పరిశీలకులు స్వయంగా వచ్చి విద్యార్థులతో, కొత్తగా చదువు ముగించినవారితో, పర్యవేక్షకులతో విడివిడిగా మాట్లాడతారు. ఒకసారి ఒక బోధనా క్లినిక్‌లో మాతో వచ్చిన సీనియర్ పరిశీలకురాలు ప్రిన్సిపాల్ ప్రసంగం వింటూనే గది మూలన వాడిన సూదులు వేసే డబ్బా దగ్గరికి వెళ్లి, దానిపై తేదీ ఉందా, గీత దాటి నిండిందా అని చూసి వచ్చారు. ఆ తరువాత మూడో సంవత్సరం విద్యార్థిని ఒకరిని పిలిచి, ‘మీ ముందున్న రోగికి ఉన్నట్టుండి ఛాతీలో నొప్పి, ఆయాసం మొదలైతే ఏం చేస్తారు?’ అని అడిగారు. భుజాల మధ్య, ఛాతీ మీద సూది లోతుగా దిగితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉందన్న సంగతి ఆ అమ్మాయికి తెలుసా, అంబులెన్సుకు ఫోను చేయాల్సిన క్షణాన్ని గుర్తుపట్టగలదా అన్నదే ఆమెకు కావలసింది. మంచి అక్రెడిటేషన్ చేసే పని నాకు ఆ రోజు అర్థమైంది. రోగికి తెలియని ప్రశ్నలను రోగి తరఫున ముందే అడిగిపెట్టడం ఆ పని.

మూలికల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా లోతైనది. మీరు ద్రవ్యగుణం, అంటే ఆయుర్వేద మూలికల శాస్త్రం చదివినవారు కాబట్టి ఈ ఉదాహరణ మీకు వెంటనే తెలుస్తుంది. 1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో బరువు తగ్గించే ఒక క్లినిక్‌లో చైనా మూలికలు కలిసిన మందు వాడిన వందమందికి పైగా మహిళల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కొందరికి పూర్తిగా పాడయ్యాయి, తరువాతి సంవత్సరాలలో చాలామందికి మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది. వాడవలసిన మూలిక పేరు ‘హాన్ ఫాంగ్ జీ’. దాని స్థానంలో ‘గ్వాంగ్ ఫాంగ్ జీ’ అనే పేరున్న వేరే మొక్క వేరు కలిసింది. మొదటిది స్టెఫానియా జాతికి చెందినది, రెండోది అరిస్టొలోకియా జాతికి చెందినది. ఈ రెండో మొక్కలోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలకు విషం. పేర్లలో తేడా ఒక్క అక్షరం, ఫలితంలో తేడా ఒక జీవితం. పాయసం బియ్యానికి బదులు పోపు గింజలు పోసినంత తేలికగా దుకాణంలో ఈ మార్పిడి జరిగిపోతుంది. అందుకే ఆస్ట్రేలియా రిజిస్టరులో డిస్పెన్సర్‌కు కూడా విడిగా ఒక విభాగం ఉంది. వత్సనాభి అనే విష మూలికను శోధన (శుద్ధి) చేయకుండా ముట్టుకోకూడదని మీకు మీ గురువులు చెప్పినట్టే, అదే కుటుంబానికి చెందిన ‘ఫూత్జు’ను తయారీ విధానం తెలియకుండా ఇవ్వకూడదని చైనా వైద్యమూ చెబుతుంది. ఆ ‘చెప్పడం’ ప్రతి విద్యార్థికీ నిజంగా చేరిందా, చేతికి వచ్చిందా అన్నది కోర్సును పరిశీలించేవారు చూడాలి.

మీ డిప్లొమా దగ్గరికి వస్తాను. ఆస్ట్రేలియాలో చైనా పద్ధతి మర్దన, అంటే ‘ఆన్మో ట్వేనా’ నేర్పే వృత్తివిద్యా డిప్లొమా ఉంది. దానికి ‘జాతీయ గుర్తింపు’ ఉందని చెప్పడం అబద్ధం కాదు, ఆస్క్వా పరిధిలోని పట్టాలన్నిటికీ వర్తించే మాటే అది. అయితే మర్దన రిజిస్టరులోని మూడు విభాగాలలో ఏదీ కాదు. ఆ డిప్లొమాతో మీరు ఆక్యుపంక్చరిస్టుగా గానీ, మూలికా వైద్యురాలిగా గానీ నమోదు కాలేరు. మర్దన వృత్తి మీకు ఇష్టమైతే అది గౌరవమైన పనే, ఆ లెక్కతోనే చేరండి. చైనా వైద్యురాలిగా రిజిస్ట్రేషన్ కోసం అయితే ఆ ఫీజు, ఆ కాలం రెండూ పోయినట్టే. కొన్నేళ్ల కిందట మన జిల్లాలకే చెందిన ఒక అమ్మాయి ఇలాంటి కోర్సే ఒక సంస్థలో పూర్తిచేసి, గోడకు తగిలించాల్సిన పట్టాతో నా దగ్గరికి వచ్చి, రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందని అడిగింది. ఆమెకు నేను చెప్పాల్సి వచ్చిన సమాధానం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. ఆ సంస్థ చట్టం ఏదీ ఉల్లంఘించలేదు. చెప్పినదంతా నిజమే, చెప్పవలసిన ఒక్క వాక్యం మాత్రం చెప్పలేదు.

కాలవ్యవధి గురించి ఒక కొలబద్ద మీ దగ్గర ఉంచుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఆక్యుపంక్చర్ శిక్షణపై విడుదల చేసిన మార్గదర్శకాలు, ఆధునిక వైద్య పట్టా లేనివారికి పూర్తి శిక్షణ 2500 గంటలు ఉండాలని, అందులో కనీసం 1000 గంటలు రోగుల దగ్గర, ప్రయోగాత్మకంగా గడవాలని చెప్పాయి. ఆస్ట్రేలియాలో రిజిస్ట్రేషన్‌కు దారితీసే చదువు సాధారణంగా నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీ. తక్కువ కాలంలో పూర్తవుతుందన్నది ఎవరైనా గొప్పగా చెబితే, ఆ తగ్గిన గంటలు ఎక్కడ తగ్గాయో అడగండి. సాధారణంగా అవి రోగి పక్కన గడపాల్సిన గంటలే అయి ఉంటాయి.

మావయ్యగారి ప్రశ్నను తేలికగా తీసుకోకండి. ఆయన చెప్పిన అభ్యంతరం ఇక్కడ నిజంగా జరిగినదే. 2012 ఆరంభంలో ‘ఫ్రెండ్స్ ఆఫ్ సైన్స్ ఇన్ మెడిసిన్’ పేరుతో వందలాది వైద్యులు, శాస్త్రవేత్తలు కలిసి, ఆధారాలు లేని వైద్య పద్ధతులను విశ్వవిద్యాలయాలలో శాస్త్రంగా బోధించవద్దని కోరారు. పెద్ద చర్చ నడిచింది. కొన్ని విద్యాసంస్థలు తరువాతి కాలంలో ఈ కోర్సులలో కొత్త ప్రవేశాలు ఆపేశాయి కూడా, కారణాలు అన్నిచోట్లా ఒకటే కాకపోయినా. ఆ విమర్శలో బలమైన భాగం ఉందని నేను ఒప్పుకుంటాను. విశ్వవిద్యాలయం ముద్ర పడినంత మాత్రాన ఒక సిద్ధాంతం రుజువైనట్టు కాదు. అక్రెడిటేషన్ కూడా ఆ పని చేయదు. ఫలానా సూది ఫలానా జబ్బును తగ్గిస్తుందని అది ధ్రువీకరించదు. ఈ కోర్సు చదివిన మనిషి సురక్షితంగా పనిచేస్తుంది, తన హద్దు తెలుసుకుంటుంది, తనకు చేతకానిదాన్ని ఆసుపత్రికి పంపుతుంది, పరిశోధనా వ్యాసం చదివి అందులో ఉన్నదేమిటో లేనిదేమిటో చెప్పగలుగుతుంది అని మాత్రమే అంటుంది. ఆ తేడాను మావయ్యగారికి ఇలాగే చెప్పండి.

దీనికి ఒక ఉదాహరణ ఇస్తాను. మైగ్రేన్ రాకుండా ఆపడంలో ఆక్యుపంక్చర్ ఫలితాలపై 2016లో, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో, మామూలు చికిత్సకు దీన్ని జతచేస్తే నొప్పి వచ్చే రోజులు తగ్గాయని తేలింది. ఉత్తుత్తి సూదులతో పోల్చినప్పుడు మాత్రం తేడా చిన్నదిగానే కనిపించింది. ఈ రెండు వాక్యాలనూ కలిపి రోగికి చెప్పగలిగే వైద్యురాలు కావాలి. మొదటిది మాత్రమే చెప్పి రెండోది మింగేసేవారు నాకు నచ్చరు, ఇక్కడి చట్టానికీ నచ్చరు. నమోదైన వైద్యులు ప్రకటనలలో తప్పుదారి పట్టించే మాటలు రాయకూడదు, తగిన ఆధారం లేని ఫలితాలను చెప్పుకోకూడదు. నా అభిప్రాయం అడిగితే, జనం ఎలాగూ వెళుతున్న ఒక వైద్యాన్ని చీకట్లో వదిలేయడం కన్నా, దాని కోర్సును ఇలా తెరిచిపెట్టి తనిఖీ చేయడమే రోగికి మేలు. మావయ్యగారు ఒప్పుకోకపోవచ్చు, అది ఆయన హక్కు. 2019 ఏప్రిల్ 1 నుంచి ప్రైవేటు ఆరోగ్య బీమాలో హోమియోపతి, నేచురోపతి, యోగా సహా 16 పద్ధతులకు సబ్సిడీతో కూడిన కవరేజీని ప్రభుత్వం తొలగించినప్పుడు ఆక్యుపంక్చర్, చైనా మూలికా వైద్యం ఆ జాబితాలో చేరలేదన్న సంగతి కూడా ఆయనకు చెప్పండి. అది ఆ వైద్యం పనిచేస్తుందన్నదానికి రుజువు కాదు, ఈ వృత్తి నియంత్రణలో ఉందన్నదాని ప్రభావం ఎంత దూరం వెళుతుందో చూపే సంగతి.

మీ బి.ఎ.ఎం.ఎస్. లెక్కలోకి రావడం గురించి. అయిదున్నరేళ్లు చదివి మళ్లీ మొదటి సంవత్సరంలో కూర్చోవడం ఎంత బరువో నాకు తెలుసు. ఇక్కడి కళాశాలలు ముందు చదివిన చదువుకు కొన్ని సబ్జెక్టులలో మినహాయింపు ఇస్తాయి. మీ రచనా శారీరం (శరీర నిర్మాణం), క్రియా శారీరం (శరీరం పనిచేసే తీరు), రోగనిదానం, ఆధునిక వైద్యశాస్త్ర భాగాల సిలబస్‌ను, గంటలతో సహా, మీ కళాశాల నుంచి ముద్రవేసి తెప్పించుకోండి. మినహాయింపు ఎంతో నిర్ణయించేది కళాశాలే. అయితే చైనా వైద్య సిద్ధాంతం, రోగనిర్ణయం, సూది విద్య, పర్యవేక్షణలో రోగులను చూసే గంటలు వీటిలో ఎవరైనా ధారాళంగా మినహాయింపు ఇస్తామంటే అక్కడ ఆగి ఆలోచించండి. కోర్సు పూర్తిచేసిన ప్రతి ఒక్కరి సామర్థ్యానికీ ఆ కళాశాల కమిటీకి జవాబు చెప్పాలి. నాడి చూడడం మీకు వచ్చు కదా అని వాళ్లు చైనా నాడీ పరీక్ష క్లాసు వదిలేయడం మీకు మేలు చేసినట్టు కాదు. వాత పిత్త కఫాల కళ్లతో చూసే అలవాటును కొంతకాలం పక్కన పెట్టి వేరే వ్యాకరణం నేర్చుకోవాల్సి వస్తుందని ముందే మనసు సిద్ధం చేసుకోండి.

ఈలోగా ఆయుర్వేదం మానుకోవాల్సిన అవసరం లేదు. అది ఇక్కడ రిజిస్టరులో లేని వృత్తి, నిషేధం కాదు. విక్టోరియాలో 2016 నాటి ఆరోగ్య ఫిర్యాదుల చట్టం, రిజిస్ట్రేషన్ లేని ఆరోగ్య సేవలు అందించేవారికి కూడా ప్రవర్తనా నియమావళి పెట్టింది. దాన్ని చదివి, వైద్యుల రిజిస్టరులో ఉన్నారనే భావన కలిగించే ఏ మాటా కార్డు మీద లేకుండా చూసుకోండి.

ఇండియా ప్రశ్నకు సమాధానం మీకు అంత ఇష్టం కాకపోవచ్చు. ఇక్కడి రిజిస్ట్రేషన్ అక్కడ తనంతట తాను చెల్లదు. భారత ప్రభుత్వం 2003లో ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా విధానంగా మాత్రమే చూసి, 2019 ఫిబ్రవరిలో స్వతంత్ర వైద్య పద్ధతిగా గుర్తించింది. కానీ మీ ఆయుర్వేదాన్ని చూసే జాతీయ కమిషన్ పరిధిలో ఉన్నవి ఆయుర్వేదం, సిద్ధ, యునాని, సోవా రిగ్పా (టిబెటన్ వైద్యం) మాత్రమే. చైనా వైద్యం అందులో లేదు. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్ర ఆక్యుపంక్చర్‌కు సొంత చట్టాలు చేసుకున్నాయి. బెంగాల్‌కు ఆ బంధం పాతది: 1938లో చైనాకు వెళ్లిన భారతీయ వైద్య బృందంలో ద్వారకానాథ్ కోట్నిస్‌తో పాటు ఉన్న కలకత్తా వైద్యుడు విజయ్ కుమార్ బసు తరువాత ఆక్యుపంక్చర్‌ను నేర్చుకుని వచ్చి కలకత్తాలో నాటారు. మీరు ఇండియా తిరిగి వెళితే, వైద్యురాలిగా మిమ్మల్ని నిలబెట్టేది మీ ఆయుర్వేద రిజిస్ట్రేషనే, ఈ డిగ్రీ దానికి అదనపు నైపుణ్యం. ఏ రాష్ట్రంలో ఉంటారో ఆ రాష్ట్ర నియమాలు అప్పుడు చూసుకోవాలి. ఇండియాలో చెల్లుతుందన్న ఆశ మీద మాత్రమే ఈ కోర్సులో చేరవద్దు.

ఇక చేయవలసిన పని. ఆప్రా వెబ్‌సైటులో ఆమోదిత కోర్సుల జాబితా తెరిచి, మీరు చేరదలచిన కోర్సు పేరును అక్షరం అక్షరం పోల్చండి. ఏ విభాగానికి దారి తీస్తుందో చూడండి, ఎందుకంటే ఆక్యుపంక్చర్‌కు మాత్రమే సరిపోయే కోర్సుతో మూలికలు ఇవ్వలేరు. షరతులు ఉన్నాయా, వాటి గడువు ఎప్పుడు అని కళాశాలను అడగండి. షరతు ఉండడం చెడ్డ గుర్తు కాదు. దాన్ని దాచడమే చెడ్డ గుర్తు. నేను చదువుతుండగా ఈ కోర్సుకు కొత్త ప్రవేశాలు ఆపేస్తే చేరినవాళ్లను చివరిదాకా చదివిస్తారా అన్నది ఇక్కడి పరిస్థితులలో ఊహాజనితమైన ప్రశ్న కాదు, దానికి లిఖితపూర్వకంగా సమాధానం తీసుకోండి. మరొక చిన్న పరీక్ష కూడా ఉంది. ఆమోదిత కోర్సు విద్యార్థుల పేర్లను కళాశాలలే ఆప్రాకు పంపి విద్యార్థులుగా నమోదు చేయిస్తాయి, దానికి రుసుము ఉండదు. ‘నన్ను విద్యార్థినిగా ఆప్రాలో నమోదు చేయిస్తారా?’ అని ఈమెయిల్‌లో అడగండి. డిప్లొమా సంస్థ ఈ ప్రశ్నకు ఎలా జవాబిస్తుందో చూస్తే మీకు కావలసింది తెలిసిపోతుంది. ఫోనులో చెప్పిన మాటను లెక్కలోకి తీసుకోకండి.

డబ్బు సంగతి కూడా ముందే చూసుకోండి. శాశ్వత నివాసులకు విశ్వవిద్యాలయాలలో ప్రభుత్వ సాయం ఉన్న సీట్లు దొరకవచ్చు కానీ, పౌరులకు ఉండే విద్యారుణం సాధారణంగా ఉండదు. మీ వాటా ఫీజు ప్రతి సెమిస్టరుకూ నిర్ణీత తేదీలోగా చేతి నుంచి కట్టాలి. ప్రైవేటు కళాశాలలలో సాధారణంగా ఆ సాయం కూడా ఉండదు. పౌరసత్వానికి అర్హత దగ్గరపడి ఉంటే, బాబు బడిలో చేరేదాకా ఏడాది ఆగి, అప్పుడు పార్ట్‌టైమ్‌గా మొదలుపెట్టడం మీ పరిస్థితిలో నాకు తెలివైన దారిగా కనిపిస్తోంది. నాలుగేళ్లు కాస్తా ఆరేళ్లు అవుతాయి, నిజమే. పార్ట్‌టైమ్ చదువుకు కళాశాల ఎంత గరిష్ట గడువు పెడుతుందో అడిగి తెలుసుకోండి.

ఆ ఏడాది ఖాళీగా ఉండదు. సిలబస్ కాగితాలు తెప్పించడానికే నెలలు పడుతుంది. మీ రాష్ట్ర మండలిలో మీ ఆయుర్వేద రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటివరకు ఉందో ఈ వారమే చూసి, తీరిపోయేలా ఉంటే అక్కడ ఉన్న అమ్మగారి చేతనో అన్నయ్య చేతనో పునరుద్ధరణ దరఖాస్తు వేయించండి.